సూది జబ్బు

బావ కింద కూర్చుని అన్నం తినడం మానేశాడు. అంతా అక్కడే మొదలైందని చెప్పలేను, నాకు తెలియడం మాత్రం అక్కడ మొదలైంది. శ్రీకాకుళం వైపు పుట్టిన మనిషి. ఎక్కడికి బదిలీ అయినా, ఎంత చలిగా ఉన్నా, చాప పరుచుకుని బాసింపట్టు వేసుకుని కూర్చుంటే గానీ తిన్నట్టుండదనేవాడు. అలాంటివాడు ఆ ఏడు దసరా వెళ్ళాక కంచం చేత్తో పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడి తినడం మొదలుపెట్టాడు. ఎందుకని అడిగితే నడుం పట్టేసిందన్నాడు.

బావ అంటే మా మేనత్త కొడుకు. పెళ్ళికి ముందు ఏమని పిలిచానో పెళ్ళయ్యాకా అదే పిలుపు. సైన్యంలో బండ్ల మెకానిక్కు. నేను చెబుతున్నది తొంభైల మొదటి సంవత్సరాల మాట, అప్పటికి హవల్దారు అయ్యాడు. అంతకుముందు కొండల మీద పోస్టింగులో ఉండగా లారీ కింద పడుకుని పని చేస్తుంటే జాకీ జారింది. ప్రాణం పోలేదు గానీ నడుము దెబ్బతింది. చాలాకాలం ఆసుపత్రిలో ఉన్నాడు. అక్కడ నొప్పి తగ్గడానికి సూదులు వేసేవారు. తర్వాత తేలికపాటి పని ఇవ్వమని రాసి ఢిల్లీ పంపించారు. ఇక్కడ క్వార్టరు దొరకడంతో నేనూ, మా పాపా ఊరినుంచి రైలెక్కి వచ్చేశాం. పెళ్ళయిన ఇన్నేళ్ళకి ముగ్గురం ఒక ఇంట్లో కాపురం పెట్టడం అదే మొదలు.

ఢిల్లీ కంటోన్మెంట్‌లో మా లైనంతా ఎర్ర ఇటుకల క్వార్టర్లు. రెండు గదులు, ఒక వంటిల్లు, వెనక చిన్న పెరడు. పాలంలో దిగే విమానాలు మా డాబా మీదనుంచే పోతున్నట్టుండేవి. విమానం వచ్చినప్పుడు మాట ఆపి, అది పోయాక మళ్ళీ అందుకోవడం అందరికీ అలవాటైపోయింది. మా పాప రెండో తరగతిలో చేరింది. చేరిన కొద్దికాలానికే దానికి హిందీ పట్టుబడింది. నేను తెలుగులో అడిగితే అది హిందీలో జవాబిచ్చేది. నాకు హిందీ రాదు. కూరగాయల బండి దగ్గరా, బళ్ళో టీచరమ్మ దగ్గరా, రేషను దగ్గరా అదే నా నోరు. చెయ్యి పట్టుకుని దాన్ని తీసుకెళితే చాలు, పని అయిపోయేది.

తెలుగు మాట్లాడే మనిషి మా లైన్లో ఒక్కరే ఉండేవారు. అనంతపురం వైపు కుటుంబం. ఆవిణ్ణి అక్క అనేదాన్ని. మేము వచ్చిన ఏడాదికి వాళ్ళాయన్ని రైల్వే స్టేషను దగ్గర పోలీసులు పట్టుకున్నారు. జేబులో స్మాక్ అనే మత్తుమందు పొట్లం దొరికిందట. పోలీసులు మిలటరీ వాళ్ళకి అప్పగించారు, వాళ్ళు క్వార్టర్ గార్డులో పెట్టారు. అంటే యూనిట్ లోపల ఉండే జైలు గది. కొన్నాళ్ళకి ఉద్యోగం తీసేసి ఇంటికి పంపేశారు. క్వార్టరు ఖాళీ చేయమన్నారు. నల్ల ట్రంకు పెట్టెలు లారీకి ఎత్తుతుంటే లైనంతా కిటికీల్లోనుంచి చూసింది గానీ ఒక్కరూ బయటికి రాలేదు. నేను వెళ్ళాను. అక్క చేతిలో పిల్లవాడికి వేసే ఊలు టోపీ ఒకటి ఉంది, దాన్ని ఏ పెట్టెలో పెట్టాలో తెలియక అటూ ఇటూ తిప్పుతోంది.

"ఆస్పత్రికి పోదాం పా అప్పా అని ముందే చెప్తి," అంది. "ఆయప్ప వద్దనె. చెప్తే పట్టుకుంటారని భయపడె. ఇప్పుడు ఏమాయె? చెప్పకపోయినా పట్టుకునిరి."

ఆ మాట నాలో ఉండిపోయింది. కానీ అప్పుడది వాళ్ళ ఇంటి సంగతి. మా ఇంటికి దానికీ సంబంధం ఉందని నేను అనుకోలేదు. వాళ్ళాయన గురించి లైన్లో అందరూ "నశేడీ" అనేవారు, మత్తుకి బానిస అని. ఆ మాట అన్నవాళ్ళు పక్కకి ఉమ్మేసేవారు కూడా. బావ మాత్రం ఏమీ అనేవాడు కాదు. ఆ విషయం వస్తే లేచి వెళ్ళిపోయేవాడు. పాపం, జాలిపడుతున్నాడు అనుకున్నాను.

చలికాలం వచ్చింది. బావకి జ్వరం వచ్చింది. ఒళ్ళు కాలిపోతోంది, అయినా కప్పుకున్న రజాయి తియ్యనివ్వడు, ప్యాంటు మార్చుకోడు. స్నానానికి వెళితే తలుపు గడియ పెట్టుకుని ఎంతసేపటికీ రాడు. మధ్యాహ్నం జ్వరం మత్తులో పడుకున్నప్పుడు తడిగుడ్డతో కాళ్ళు తుడుద్దామని ప్యాంటు పైకి లాగాను. తొడ మీద చెయ్యి వేశాను. మనిషి ఒళ్ళులా లేదు, చెక్క మీద చెయ్యి వేసినట్టుంది. పైన నల్లటి మచ్చలు, వాటి మధ్య ఒక పుండు, చీము పట్టి ఉంది. అందుకే కింద కూర్చోలేకపోతున్నాడని అప్పుడు అర్థమైంది.

కళ్ళు తెరిచి నన్ను చూశాడు. రజాయి లాక్కోబోయి ఆగిపోయాడు.

"బావా, ఇదేటి?"

"నొప్పికి," అన్నాడు.

"ఏ నొప్పికి? నడుం నొప్పికి తొడ మీద పుండేటి?"

గోడవైపు తిరిగి చెప్పాడు. ఆసుపత్రిలో వేసిన సూదే. అక్కడినుంచి వచ్చేశాక నొప్పి మళ్ళీ మొదలైంది. కంటోన్మెంట్ బయట ఒక మందుల షాపులో చీటీ లేకుండానే ఇస్తున్నారు. మొదట ఎప్పుడో ఒకసారి వేసుకునేవాడు. తర్వాత రోజూ. ఇప్పుడు నొప్పి ఉన్నా లేకపోయినా వేసుకోవాలి. వేసుకోకపోతే ముక్కు కారుతుంది, ఆవలింతలు వస్తాయి, ఒళ్ళంతా చీమలు పాకినట్టుంటుంది, ఒకచోట నిలబడలేడు.

"మానేత్తాను," అన్నాడు. "నీ మీదొట్టు. ఎవులికీ సెప్పకు."

నిజంగానే ప్రయత్నించాడు. ఆ మాట నేను ఎవరికైనా చెబుతాను. పుండుకి నేనే వేడినీళ్ళతో కడిగి కట్టు కట్టాను. జ్వరం పేరు మీద సెలవు పెట్టించుకుని ఇంట్లోనే ఉన్నాడు. వాంతులు, విరేచనాలు. చెమటకి పక్కబట్టలు రోజుకి ఎన్నిసార్లు మార్చానో. డిసెంబరు చలిలో చొక్కా విప్పి పెరట్లో తిరిగేవాడు. పాపకి జ్వరమని చెప్పాను. అది బడినుంచి వచ్చి వాళ్ళ నాన్న పక్కన కూర్చుని డ్రాయింగు వేసి చూపించేది. చూసి బాగుందని, మళ్ళీ లేచి పెరట్లోకి వెళ్ళిపోయేవాడు. చివరికి ఒక సాయంత్రం పాలకని బయటికి వెళ్ళి పాలు లేకుండా వచ్చాడు. మొహం ప్రశాంతంగా ఉంది. ఆ ప్రశాంతత చూసి నాకు ఏడుపు వచ్చింది.

"నన్ను కొట్టు," అన్నాడు. "తిట్టు. నాకు సిగ్గు లేదు."

నేను కొట్టలేదు. కొడితే పోయేదైతే అందరికన్నా ముందు ఆయన్ని ఆయనే కొట్టుకునేవాడు.

"డాక్టరుకి సూపించుకుందాం బావా."

"పిచ్చిదానా. డాక్టరు ఎవులనుకున్నావు? ఆఫీసరు. ఆఫీసరుకి సెప్తే యూనిట్ పెద్ద సి.ఓ. సాబుకి సెప్పినట్టే. ఆ అనంతపురమోడికి ఏటయ్యిందో సూసినావు కదా. ఇన్నేళ్ళ సర్వీసు, పెన్సనూ పోద్ది, పరువూ పోద్ది. ఊల్లో మొకం ఎత్తుకోలేం."

అలాగే కొన్ని వారాలు గడిచాయి. నేను సూది గురించి అడగను, ఆయన చెప్పడు. ఇంట్లో ఇద్దరం దొంగల్లా తిరిగేవాళ్ళం.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం, పాప బాత్రూం తలుపు బాదుతోంది. "పాపా, దర్వాజా ఖోలో! పాపా!" తలుపు తియ్యమని. నాన్నని పాపా అనడం కూడా అది బళ్ళోనే నేర్చుకుంది. లోపలినుంచి జవాబు లేదు. నేను వంటింట్లోనుంచి పరిగెత్తాను. నీళ్ళ చప్పుడు వస్తోంది, మనిషి చప్పుడు లేదు. ఎంత తోసినా గడియ రాలేదు. పక్క క్వార్టరులో గఢ్వాల్ కొండల ఆవిడ ఉండేది, దీదీ అని పిలిచేదాన్ని, అరుపులు విని వచ్చింది. పొయ్యి దగ్గర వాడే ఇనప చువ్వ ఒకటి తెచ్చి తలుపు సందులో పెట్టి, కొండమనిషి బలమంతా పెట్టి లాగింది. గడియ ఊడింది. బావ గోడకి చేరగిలబడి ఉన్నాడు. పెదాలు నల్లబడ్డాయి. పక్కన సిరంజి పడి ఉంది. ఇద్దరం మొహం మీద నీళ్ళు కొట్టి, చెంపలు తట్టి, గట్టిగా కుదిపితే మెల్లగా ఊపిరి అందుకుని కళ్ళు తెరిచాడు.

దీదీ ముందు పాపని చెయ్యి పట్టుకుని తమ ఇంటికి తీసుకెళ్ళి తన పిల్లల దగ్గర కూర్చోబెట్టి వచ్చింది. తర్వాత ఆ సిరంజిని కాగితంలో చుట్టింది. నేను కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. ఇంక అయిపోయింది, సాయంత్రానికి లైనంతా తెలుస్తుంది అనుకున్నాను. ఆవిడ నా దగ్గరికి వచ్చి మెల్లగా, నాకు అర్థమయ్యేలా ఒక్కో మాట విడదీసి చెప్పింది. "అస్పతాల్ లే జా. యే థానే వాలీ బాత్ నహీ హై." ఆసుపత్రికి తీసుకెళ్ళు, ఇది పోలీస్ స్టేషను సంగతి కాదు అని. జరిగింది ఆవిడ తర్వాత ఇంకెవరితోనూ అనలేదు.

మర్నాడు బావ వర్క్‌షాపుకి వెళ్ళాక నేను చీర మార్చుకుని ఎం.ఐ. రూముకి బయల్దేరాను. యూనిట్ వాళ్ళకీ, కుటుంబాలకీ చిన్నచిన్న జబ్బులకి మందులిచ్చే చోటు అది. పాపని తీసుకెళ్ళలేను. ఎప్పుడూ దాని నోటితో మాట్లాడినదాన్ని, ఈ మాట మాత్రం దాని నోట పలికించలేను. దారిపొడుగునా నాకొచ్చిన హిందీ మాటలన్నీ వరసగా పేర్చుకుంటూ నడిచాను.

డాక్టరు కేరళ ఆవిడ. కెప్టెను. వయసులో నాకంటే చిన్నదే అయి ఉంటుంది. జలుబు, దగ్గు పిల్లలందరూ అయ్యాక నన్ను పిలిచింది.

"క్యా తక్లీఫ్ హై?" ఏం బాధ అని అడిగింది.

మత్తుని నశా అంటారని నాకు తెలుసు. కానీ అది అక్క వాళ్ళాయన్ని అన్న మాట, ఉమ్మేస్తూ అన్న మాట. అది బావ మీద పెట్టడానికి నోరు రాలేదు. ఇంకో మాట నాకు తెలియదు. "ముఝే నహీ. మేరే ఆద్మీ కో," అన్నాను. "సుయీ కీ బీమారీ."

నాకు కాదు, మా ఆయనకి, సూది జబ్బు.

ఆవిడ నవ్వలేదు. లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. ముందురోజు బాత్రూంలో దొరికితే రుమాలులో చుట్టుకొచ్చిన ఖాళీ మందుగొట్టం బల్ల మీద పెట్టాను. దానిమీద అక్షరాలు చదివి తలూపింది. ఎప్పటినుంచి, ఎక్కడ వేసుకుంటాడు, చర్మం ఎలా ఉంది, నిన్న ఏమైంది, అన్నీ అడిగింది. ఆవిడ హిందీ కూడా పుట్టుకతో వచ్చింది కాదు గనక నిదానంగా మాట్లాడేది, నాకు అందేది. మాట దొరకనిచోట చేతులతో చూపించాను. తొడ చెక్కలా అయిపోయిందని చెప్పడానికి ఆవిడ బల్ల మీద కొట్టి చూపించాను.

"సరిగ్గానే చెప్పారు," అంది ఆవిడ. "జబ్బే. ఈ మందు మొదట ఆసుపత్రిలో మొదలైంది కదా? చాలామందికి ఇలా అవుతుంది. వైద్యం ఉంది."

వైద్యం ఉంది. ఆ మాటకి నేను కుర్చీలో వెనక్కి వాలిపోయాను. అంతవరకూ అంచు మీద కూర్చున్నానని అప్పుడు తెలిసింది.

"పకడ్‌కే లే జాయేంగే?" పట్టుకుపోతారా అని అడిగాను.

"సి.ఓ. సాబ్‌కి తెలియకుండా నేను దాచలేను. అతను సిపాయి," అంది. "కానీ తనంతట తాను నా దగ్గరికి వస్తే అతను నా పేషెంటు. ఎవరైనా పట్టుకుని తెస్తే అప్పుడు అందరి మాటా అయ్యాక చివర్లో నా మాట వింటారు. రేపు పొద్దున సిక్ రిపోర్టుకి పంపండి."

ఒంట్లో బాగోలేని సిపాయిలు పొద్దున్నే వచ్చి వరసలో నిలబడి చూపించుకోవడాన్ని సిక్ రిపోర్టు అంటారు. కాలు బెణికినవాడూ, కడుపునొప్పి వచ్చినవాడూ నిలబడే వరస అది.

"ఉద్యోగం పోదని మాట ఇస్తారా?"

"ఇవ్వలేను. నా శాయశక్తులా చెబుతాను. లేని మాట ఇచ్చి మిమ్మల్ని పంపలేను."

ఇస్తానని ఉంటే నేను నమ్మేదాన్ని కాదేమో. ఇవ్వలేనంది గనకే నమ్మాను.

సాయంత్రం పాప ఆటకి వెళ్ళాక బావకి టీ ఇచ్చి ఎదురుగా కూర్చున్నాను.

"డాక్టరమ్మ దగ్గరికి ఎల్లాను."

"ఎవులికి బాగులేదు?"

"నీకు."

గ్లాసు కింద పెట్టేశాడు. "ఏటి సెప్పినావు?"

"ఉన్నదే సెప్పినాను."

"నా కొంప ముంచీసినావు," అని లేచాడు. గదిలో ఈ చివరినుంచి ఆ చివరికి తిరిగాడు. చెయ్యెత్తుతాడేమో అనుకున్నాను. ఎత్తలేదు. ట్రంకు పెట్టె మీద కూర్చుండిపోయాడు. "నువ్వే సెప్పీసినావా, నువ్వే..." అని అదే మాట అంటున్నాడు.

"సెప్పకపోతే ఏటవుద్ది? నిన్న తలుపు రాకపోతే ఏటయ్యేది? మన గుంట తలుపు కొడతానే ఉంది బావా. అది నాకు ఇనిపిత్తానే ఉంది."

ట్రంకు పెట్టె గొళ్ళెం తీస్తూ వేస్తూ కూర్చున్నాడు.

"నువ్వే ఎల్తే డాక్టరమ్మ మనిసివి. ఎవులైనా పట్టుకెల్తే వాల్ల మనిసివి. ఆవిడలాగే సెప్పింది."

"ఎల్లకపోతే?"

"ఎల్లకపోతే నేనేటి సెయ్యగల్ను? నిన్ను ఎత్తుకుని తీసుకెల్లలేను కదా."

ఆ రాత్రి అన్నం తినలేదు. పొద్దున లేచి గడ్డం గీసుకున్నాడు, చెంప మీద తెగింది. యూనిఫాం వేసుకున్నాడు. బూట్లు తుడుచుకున్నాడు. నాతో ఏమీ చెప్పకుండా బయల్దేరాడు. నేను వరండాలో నిలబడి చూస్తున్నాను. నీళ్ళ ట్యాంకు దగ్గర రోడ్డు రెండుగా చీలుతుంది. కుడివైపు వర్క్‌షాపు, ఎడమవైపు ఎం.ఐ. రూము. అక్కడ ఆగాడు. ఎవరో సైకిల్ మీద పోతూ పలకరిస్తే చెయ్యెత్తాడు. తర్వాత ఎడమవైపుకి తిరిగాడు.

నేను లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను. దేవుడి పటం దగ్గర దీపం పెడదామని వెళ్ళి, అగ్గిపుల్ల వెలిగించి, అది వేలు కాలేదాకా పట్టుకుని అలాగే నిలబడ్డాను.

ఆ వారంలోనే సి.ఓ. సాబ్ పిలిపించారు. నన్ను కూడా రమ్మన్నారు. నేను ఆఫీసు బయట బల్ల మీద కూర్చున్నాను. లోపల బావ నిటారుగా నిలబడి ఉన్నాడని తలుపు సందులోంచి కనిపిస్తోంది. జవాన్లలో అందరికన్నా సీనియరు సుబేదార్ మేజర్, ఆయన గొంతు పెద్దది. శిక్ష పడేలా ఛార్జి పెట్టాలంటున్నాడు, వదిలేస్తే మిగతా కుర్రాళ్ళు పాడవుతారంటున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. పాతకాలం మనిషి. తర్వాత డాక్టరమ్మ గొంతు వినిపించింది, అది ఒక్కసారి కూడా పెరగలేదు. ఇంగ్లీషులో ఏం చెప్పిందో నాకు తెలియదు. బావ తర్వాత చెప్పాడు: పోయినసారి సిపాయిని శిక్షించి పంపేశాం కదా, దానివల్ల భయపడి ఎంతమంది దాక్కున్నారో మనకి తెలుసా, ఇతనొక్కడే వచ్చాడు, వచ్చినవాణ్ణి కొడితే ఇంక ఎవరూ రారు అందట.

నన్ను లోపలికి పిలిచారు. సి.ఓ. సాబ్ తెల్లమీసాల ఆయన. బావని మూడే ప్రశ్నలు అడిగారు. ఎవరికైనా ఇచ్చావా, అమ్మావా? యూనిట్ మందుల స్టోరునుంచి తీశావా? డ్యూటీలో బండి నడిపావా? మూడింటికీ "నో సర్" అన్నాడు. అవి నిజాలే. బావ నడుం దెబ్బ తాలూకు కాగితాలు తిరగేశారు. చాలాసేపు తిరగేశారు. తర్వాత నావైపు చూసి, ఊళ్ళో ఇంకెవరున్నారని అడిగారు. చెప్పాను.

"అచ్ఛా," అన్నారు చివరికి. "హాస్పిటల్ భేజో. ఛార్జ్ బాద్ మే దేఖేంగే."

ఆసుపత్రికి పంపండి, ఛార్జి సంగతి తర్వాత చూద్దాం. బయటికి వచ్చాక ఆ "తర్వాత" అనే మాట నన్ను వదల్లేదు. డాక్టరమ్మకి అది తెలిసినట్టుంది. పక్కనుంచి వెళుతూ, "ఆ తర్వాత అనేది రాదులెండి," అంది. నిజంగానే రాలేదు.

బావ మెట్లు దిగుతుంటే నేను చెయ్యి పట్టుకున్నాను. యూనిఫాంలో ఉన్న మనిషి చెయ్యి అలా అందరిముందూ పట్టుకోవడం మా ఊళ్ళో గానీ ఇక్కడ గానీ ఎప్పుడూ చెయ్యలేదు. ఆయనా విడిపించుకోలేదు. ఇంటికి వచ్చి బట్టలు సర్ది ఆసుపత్రి బండి ఎక్కించాను. బండి వెళ్ళిపోయాక మంచం మీద ఒక్క నిమిషం నడుం వాలుద్దామనుకున్నాను. కళ్ళు తెరిచేసరికి మధ్యాహ్నం దాటిపోయింది, నా మీద దీదీ వాళ్ళ ఊలు దుప్పటి కప్పి ఉంది, పాప పక్కన కూర్చుని హోంవర్కు చేసుకుంటోంది. కొన్ని నెలల తర్వాత నాకు పట్టిన మొదటి నిద్ర అది.

ఆసుపత్రిలో ఆయన్ని మానసిక వైద్యం వార్డులో పెట్టారు. గేటుకి ఊచలున్నాయి. మొదటిసారి చూసినప్పుడు ఇదీ క్వార్టర్ గార్డే కదా అనుకున్నాను. కానీ లోపల నర్సులు పేషెంట్లని పేరు పెట్టి పిలుస్తున్నారు, టీ తాగావా అని అడుగుతున్నారు. ఇంట్లో మేము పడ్డ బాధ అక్కడ పడలేదని కాదు. కానీ మాత్రలిచ్చి, వాటిని మెల్లగా తగ్గించుకుంటూ వచ్చారు. చెమటలు పట్టినా, రాత్రి నిద్ర పట్టకపోయినా అది ఇంత అని రాసుకుని మందు మార్చేవారు. తొడ పుండుకి సర్జను చూశాడు, కోసి శుభ్రం చేసి కట్టు కట్టారు. అన్నిటికన్నా ముఖ్యం, నడుం నొప్పిని ఎవరో ఒకరు నిజంగా పట్టించుకున్నారు. వేడి పెట్టారు, బెల్టు ఇచ్చారు, ఎలా వంగాలో ఎలా లేవాలో నేర్పించారు. సూది లేకుండా నొప్పిని భరించే దారి ఒకటి ఉందని అంతవరకూ ఎవరూ ఆయనకి చెప్పలేదు.

పాప ఒకరోజు బడినుంచి వచ్చి బ్యాగు విసిరేసి, "పాపా కో జైల్ హువా?" అంది, నాన్నకి జైలు పడిందా అని. క్లాసులో ఎవరో అన్నారట. దాన్ని ఆ ఆదివారమే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఇక మీద వాళ్ళ నాన్న మంచివాడా చెడ్డవాడా అన్నది అది ఇంకొకరి నోట వినకూడదనుకున్నాను. వార్డు ముందు పచ్చికలో ఎండలో కూర్చున్నాం. బావ చిక్కిపోయాడు గానీ కళ్ళు తేటగా ఉన్నాయి.

"పాపా, ఆప్ బీమార్ హో?" నీకు జబ్బు చేసిందా అని అడిగింది పాప.

"అవునమ్మా."

"కౌన్ సీ బీమారీ?"

బావ నావైపు చూశాడు. నేను కమలాపండు తీసి పాప చేతిలో పెట్టాను. ఆయనే చెప్పాడు, తెలుగులో. "సూది ఏసుకోకపోతే ఉండలేని జబ్బు. ఇక్కడ తగ్గిత్తన్నారు."

నొప్పి పుడుతుందా అని అడిగింది పాప. "దర్ద్ హోతా హై?"

"ముందు బాగా ఉండేది. ఇప్పుడు తక్కువ."

"అచ్ఛా," అని అది కమలాపండు వలవడం మొదలుపెట్టింది. వలిచి సగం వాళ్ళ నాన్నకి ఇచ్చింది. దానికి అంతకన్నా తెలుసుకోవాల్సింది ఏమీ ఉన్నట్టు లేదు. మర్నాడు బళ్ళో అడిగినవాళ్ళకి మా పాపాకి బీమారీ, హాస్పిటల్లో ఉన్నారు అని చెప్పిందట. మళ్ళీ ఎవరూ అడగలేదట.

వేసవి మొదట్లో ఇంటికి వచ్చాడు. పనిముట్ల గదిలో కూర్చునే పని ఇచ్చారు, బరువులు ఎత్తక్కర్లేదు. ప్రమోషను కొంత ఆలస్యమైంది. తొడ గట్టిదనం పూర్తిగా పోలేదు గనక భోజనానికి చిన్న బల్ల ఒకటి కొనుక్కున్నాం. లైన్లో కొందరు కొన్నాళ్ళు మొహం తిప్పుకున్నారు. సుబేదార్ మేజర్ మాత్రం ఆ తర్వాత వచ్చిన హోలీకి మా ఇంటికి వచ్చి, కజ్జికాయల్లాంటి గుజియాలు తిని, బావ భుజం మీద చెయ్యి వేసి వెళ్ళాడు.

అంతా ఒక్కసారితో తీరిపోలేదు. మరుసటి ఏడు ఎండల్లో నడుం మళ్ళీ తిరగబెట్టింది. ఒక మధ్యాహ్నం బావ భోజనానికి ఆలస్యంగా వచ్చి, బూట్లు విప్పకుండానే గుమ్మంలో నిలబడి చెప్పాడు. "నిన్న ఏసుకున్నాను. ఒక్కటే. ఇయ్యేల పొద్దున్నే డాక్టరమ్మకి సెప్పీసి వత్తన్నాను."

నేను గరిట పక్కన పెట్టాను. "ఏటంది?"

"ఏటంటాది? తిరగబెట్టడం ఈ జబ్బులో ఉన్నదేనంట. మాత్రలిచ్చింది. వారం వారం రమ్మంది." బూట్ల తాళ్ళు విప్పుతూ, "నీకు ముందు సెప్దామనుకున్నాను, నువ్వు గాబరా పడతావని ఆవిడకి ముందు సెప్పినాను," అన్నాడు.

నాకు కోపం రాలేదు. ఆయన తప్పటడుగు వేసినందుకు బాధపడాల్సిన చోట నాకు వచ్చింది ఊరట. దాచలేదు. దాచాల్సిన అవసరం ఆయనకి కనిపించలేదు. పోలీసులకీ సి.ఓ. సాబుకీ భయపడి తలుపు గడియ పెట్టుకున్న మనిషి, తనంతట తాను వెళ్ళి చెప్పి వచ్చాడు.

అప్పుడప్పుడు అనంతపురం అక్క గుర్తొచ్చేది. వాళ్ళ ఊరి పేరు తెలుసు గానీ చిరునామా తెలియదు. వాళ్ళాయనకి వచ్చిందీ ఇదే జబ్బు. మందు వేరు, జబ్బు ఒకటే. ఆయన జేబులో పొట్లం పోలీసులకి దొరికింది, మా ఆయన సిరంజి దీదీకి దొరికింది. తేడా అంతే. ఆ తర్వాత వాళ్ళేమయ్యారో నాకు తెలియదు. మా సంతోషంలో ఆ ఒక్క చోటు ఎప్పుడూ కొంచెం నొప్పిగానే ఉంటుంది.

డాక్టరమ్మకి బదిలీ అయింది. బావ ఆ సూది మళ్ళీ ముట్టుకోలేదు. తొంభైల చివర్లో, రిటైరవడానికి ముందు, ఒక ఆదివారం సాయంత్రం ఒక కుర్ర డ్రైవరు మా క్వార్టరు ముందు నిలబడ్డాడు. వేరే యూనిట్ వాడు, రాజస్థాన్ వైపు. వెనక కొంగు కప్పుకున్న భార్య. ఎవరు పంపారో చెప్పలేదు. బావ అతన్ని ఒకసారి పైనుంచి కిందికి చూసి, "అందర్ ఆ జా," అని లోపలికి పిలిచాడు. ఇద్దరూ ముందు గదిలో కూర్చున్నారు. నేను ఆ అమ్మాయిని వంటింట్లోకి తీసుకెళ్ళాను. అప్పటికి నాకు హిందీ బాగానే వచ్చేసింది.

"నౌకరీ చలీ జాయేగీ, భాభీ?" ఉద్యోగం పోతుందా అని అడిగింది.

"మా ఆయనది పోలేదు," అన్నాను. "మీదీ పోదని చెప్పలేను. కానీ పట్టుబడకముందే వెళ్ళినవాళ్ళకి వైద్యం దొరుకుతుంది. అది చెప్పగలను."

ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. టీ ఒంటిచేత్తోనే కలిపాను.

పొద్దున్నే బావ యూనిఫాం వేసుకుని అతనికోసం వెళ్ళాడు. టిఫిను వేళకి తిరిగొచ్చాడు.

"ఏటయ్యింది?"

"సిక్ రిపోర్టు లైన్లో నిలబెట్టి, అతని వంతు వచ్చేదాకా ఉన్నాను. డాక్టరు కొత్తోడు, కుర్రోడు. గాబరా పడకు, కూచో అన్నాడు ముందు. అడ్మిట్ రాసీసినాడు."

"మరి వాళ్ళ సి.ఓ. సాబు?"

"మాట్లాడతానన్నాడు." బావ టోపీ తీసి మేకుకి తగిలించాడు. "ఆ గుంటడు బండి ఎక్కేటప్పుడు నాకు సెల్యూట్ కొట్టినాడు. ఎందుకురా అంటే నవ్వినాడు."

ఉప్మా చల్లారిపోయింది. మళ్ళీ వేడి చేసి పెట్టాను. తిని, ఇంకొంచెం వెయ్యమన్నాడు.